కారం సీసా

ల్యాబు ఉద్యోగాల్లో కొత్తగా చేరే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "సార్, ఏమేం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి" అంటారు. చెప్పడం మొదలుపెట్టగానే గడియారం చూసుకుంటారు. వాళ్ళనేం అనను. జాగ్రత్త అనేది వినడానికి ఉప్పు లేని కూర. జాగ్రత్త లేకపోతే ఏమయిందో చెబితే మాత్రం గడియారం జోలికి పోరు, ఇంకో కాఫీ కూడా తాగుతారు. అందుకని అదే రాస్తున్నాను. నాకు వచ్చిన ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు, అవి రాయదగినంత లేవు. ఒక సీసా, దానివల్ల పోబోయిన ఒక మనిషి కన్ను, ఆ రెండింటికీ నడుమ మా మేనేజరు గారు, అంతే.

చెక్క పరీక్ష

మాది పాండూరు. మద్రాసులో బి.ఎస్సీ. ముగించి, ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడే తిరువళ్ళూరులో ఒక ఎరువుల కంపెనీ ల్యాబులో కెమిస్టుగా చేరాను. కెమిస్టు అంటే మా ఊళ్ళో మందుల అంగడి అనుకున్నారు. మా మేనమామ వారానికోసారి వచ్చి మోకాళ్ళ నొప్పికి తైలం అడిగేవాడు. నా దగ్గర ఉండే సరుకు మోకాలికి రాస్తే మోకాలే మిగలదని చెప్పినా నమ్మలేదు. మేనల్లుడు పిసినారి అని ఊరంతా చెప్పుకున్నాడు.

కంపెనీ రైతులకు చెనిక్కాయ చెక్క, అంటే వేరుశెనగ నూనె తీశాక మిగిలే పిప్పి, ఎముకల పొడి లాంటి ఎరువులు అమ్మేది. మిల్లుల నుంచి వచ్చే చెక్కలో పొట్టూ, ఇసుకా కలిసి వచ్చేవి. ఎంత కలిపారో పట్టుకోవడం మా పని. చెక్క పొడిని గాఢమైన యాసిడ్‌లో నల్లటి కషాయంలాగా ఉడికించి, చల్లార్చి, దాంట్లో కాస్టిక్ సోడా ద్రవం పోసి కాచాలి. అమోనియా ఆవిరి వస్తుంది. దాన్ని పట్టి కొలిస్తే చెక్కలో సత్తువ ఎంతో తేలిపోతుంది. మిల్లు యజమాని ఎన్ని ఒట్లు పెట్టుకున్నా అమోనియా వినదు.

ఈ పనిలో కొత్తవాళ్ళు యాసిడ్‌కి భయపడతారు, కాస్టిక్‌కి భయపడరు. తలకిందుల భయం అది. యాసిడ్ చేతిమీద పడితే వెంటనే చురుక్కుమంటుంది, చెయ్యి లాక్కుంటాం. కాస్టిక్ మొదట సబ్బునీళ్ళలాగా జారుతుంది. అయ్యో పాపం, మంచిదే అనుకునేలోపు చర్మంలోకి దిగిపోతుంది. కంట్లో పడిందంటే మంటకు మంట, లోతుకు లోతు. ఆ రోజుల్లో మేము దాన్ని గాజు గొట్టంతో నోటితో పీల్చి కొలిచేవాళ్ళం. మాకంటే ముందువాళ్ళు అట్లాగే చేశారు, వాళ్ళ మాట కొంచెం ముద్దగా ఎందుకు ఉంటుందో మేము అడగలేదు.

కళ్ళద్దాలు

మా మేనేజరు గోవిందస్వామి నాయుడు గారు. చెడ్డవారని అనను. పండగకి అందరికీ పంచెలు పెట్టేవారు, ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మూడుసార్లు అడిగేవారు. కాకపోతే కంపెనీ వస్తువు ఏదైనా వాడితే అరిగిపోతుందని ఆయన నమ్మకం.

హెడ్డాఫీసు వాళ్ళు ల్యాబుకోసం మద్రాసు నుంచి రక్షణ కళ్ళద్దాలు ఒక జత పంపించారు. చుట్టూ తోలు అంచుతో, వెనకాల పట్టీతో చాలా బాగుండేవి. అంత బాగుండడమే మా దురదృష్టం. నాయుడు గారు తిరువళ్ళూరుకీ తిరుత్తణికీ మోటారు సైకిలు మీద తిరిగేవారు. దారంతా దుమ్ము. వచ్చిన మర్నాడే ఆ అద్దాలు ఆయన ముఖానికి ఎక్కాయి. నేను వెళ్ళి అడిగాను.

"నీకెందుకయ్యా కెమిస్టూ ఇది? నువ్వేమన్నా బండి తోలతావా?" అన్నారు.

"నాక్కాదు సార్, మునిరత్నానికి."

మునిరత్నం నా అసిస్టెంటు. తామరైపాక్కం వాడు, ఇంటర్మీడియట్ చదివాడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. అందులో తెల్లటి పొర తప్ప ఏమీ లేదు. వాడి బతుకంతా కుడి కంటి మీద నడుస్తోంది. ఆ ఒక్క కంటితో గాజు గొట్టం మీది గీత నాకంటే బాగా చదివేవాడు. ఇంట్లో ముసలి తల్లి, కొత్తగా వచ్చిన భార్య. ఆ కన్ను కూడా పోతే వాళ్ళ ముగ్గురికీ దారి లేదు.

నాయుడు గారు నవ్వారు. "వాడికి ఉండేది ఒక కన్ను. దానికి రెండద్దాలు ఎందుకయ్యా?"

మునిరత్నం నా వెనకే నిలబడి ఉన్నాడు. గదిలో అందరికంటే ముందు వాడే నవ్వాడు, మిగతావాళ్ళకి ఇబ్బంది లేకుండా. అందుకు నాకు నాయుడు గారి మీద కంటే వాడి మీదే ఎక్కువ కోపం వచ్చింది. పై అధికారి జోకుకి నవ్వడం ఉద్యోగంలో భాగమని అందరూ అంటారు. కొన్ని జోకులకి నవ్వకుండా ఉండడం కూడా ఉద్యోగంలో భాగమే.

భాష మారిన సీసా

తిరుత్తణిలో కంపెనీకి ఒక డిపో ఉండేది. రైల్వే స్టేషనుకి దగ్గరే. ముందు గోదాము, వెనక చిన్న ల్యాబు గది. రాష్ట్రాలు విడిపోయినప్పుడు తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది, తిరుత్తణి ఆంధ్రలోకి వెళ్ళింది. మనుషులు అక్కడివాళ్ళక్కడే ఉన్నారు, రైలు కూడా అదే. నాయుడు గారికి మాత్రం దిగులు పట్టుకుంది. ఆంధ్ర ఆఫీసర్లు తనిఖీకి వస్తే డిపోలో సీసాల మీద అరవం కనబడితే ఏమంటారో అని.

అప్పటిదాకా మా సీసాల మీద పేర్లు అరవంలోనే ఉండేవి. అరవంలో యాసిడ్‌ని అమిలం అంటారు, కాస్టిక్ జాతి సరుకుని కారం అంటారు. మన నాలుక మీది కారానికీ వాళ్ళకి అదే మాట. బడిలో రెండర్థాలూ వేరువేరుగా నేర్చుకుంటారు కాబట్టి వాళ్ళకి తికమక లేదు. తెలుగులో ఆ సరుకు పేరు క్షారం. బండ్లకు నంబర్లు రాసే పెయింటరుని పిలిపించి నాయుడు గారు స్వయంగా దగ్గర నిలబడి చెప్పారు. అరవ అక్షరాలు చదవడం, అదే మాటని తెలుగు అక్షరాల్లో రాయించడం. భాష మారిపోయింది. పెద్ద సీసా మీద ఎర్ర రంగుతో ఎంతో అందంగా కారం అని వెలిసింది.

"సార్, తెలుగులో దాన్ని క్షారం అనాలి" అన్నాను.

"క్ష అంటే ఎవురికయ్యా నోరు తిరిగేది? అరవంలోనూ కారం, తెలుగులోనూ కారం. రెండు రాష్ట్రాలకీ ఒకే మాట సరిపోయినాది. సంతోషించు."

డిపో స్టోరుకీపరు చెంగల్రాయుడు సరదా మనిషి. ఆ సీసా ముందు నుంచి పోయినప్పుడల్లా, "అన్నా, మాపటికి పులుసులోకి కొంజెం ఎత్తకపోనా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. పేరు వంటింటిది అయ్యేసరికి సరుకు కూడా వంటింటిదే అయిపోయింది. ప్రమాదమైన వస్తువుకి ముద్దుపేరు పెట్టకండి. పాముని చిట్టి అని పిలిచినా కరుస్తుంది.

ఇంకొక్క సంగతి. కాస్టిక్ ద్రవానికి గాజు బిరడా పనికిరాదు. కొన్నాళ్ళకి సీసా మూతీ బిరడా అతుక్కుపోయి ఒకటైపోతాయి. రబ్బరు బిరడా పెట్టాలి. అడిగాను. రబ్బరు బిరడా పెడితే ల్యాబు సోడా కొట్టులాగా ఉంటుందన్నారు. ఆఫీసర్లు వస్తారు కదా, గాజయితే మెరుస్తుంది.

ఆడికృత్తిక

మరుసటి ఏడు, కొండమీది స్వామికి కావళ్ళు మోసే ఆడికృత్తిక పండగ ముందు, ఒక మిల్లు చెక్క తిరుత్తణికి వ్యాగనులో వచ్చింది. పరీక్ష తేలనిదే దించుకోకూడదు, వ్యాగను ఆపితే రైల్వే వాళ్ళు ఊరుకోరు. పండగ రోజే నేనూ మునిరత్నమూ రైలెక్కి వెళ్ళాం. స్టేషను నుంచి కొండదాకా కావళ్ళు, పసుపు గుడ్డలు, అరోహరా అనే కేకలు. డిపో ముందు కంపెనీ తరఫున పందిరి వేసి వరసగా నీళ్ళ కుండలు, ఒక పెద్ద బానలో నీళ్ళమజ్జిగ పెట్టారు. డిపో కాపలావాడి భార్య కన్నెమ్మ అక్క చెంబుతో అందరికీ పోస్తోంది. ఆమెది మంచి గట్టి గొంతు, వరస తప్పితే కావడి మోసే స్వామినైనా వెనక్కి పంపేది.

నేను గోదాములో చెక్క తూకం చూస్తున్నాను. వెనక గదిలో మునిరత్నం సీసా తెరుస్తున్నాడు. బిరడా రాలేదనుకుంటాను, కర్రతో మెల్లగా తట్టుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత గాజు పగిలిన చప్పుడు. ఆ తర్వాత కేకేమీ లేదు. "అన్నా" అని ఒక్క పిలుపు, అదీ చిన్నగా.

పరుగెత్తాను. నేను వెళ్ళేలోపే వాడు పక్క తలుపులోంచి పందిరి వైపు వచ్చేశాడు. రెండు చేతులతో కుడి కన్ను మూసుకున్నాడు. ఎడమది ఎట్లాగూ చూడదు. తలుపుకి గుద్దుకుని, కుర్చీకి తగిలి, గుడ్డివాడిలా నడుస్తున్నాడు. చెంగల్రాయుడు వాణ్ణి పట్టుకున్నాడు.

"ఏమయినాదిరా?"

"కంట్లో కారం పడినాదన్నా."

ఆ ఒక్క మాటతో పందిట్లో ఉన్న ప్రతివాళ్ళూ వైద్యులైపోయారు. కంట్లో కారం పడని మనిషి మన దేశంలో ఎవరున్నారు? ఒక స్వామి నెయ్యి అన్నాడు. ఇంకొకాయన ఆముదం అన్నాడు, చెంగల్రాయుడు దానికోసం పక్కింటికి మనిషిని పంపాడు. కన్నెమ్మ అక్క బానలో తేలిన వెన్న వేలితో తీసుకుని సిద్ధంగా ఉంది.

"నీళ్ళు తెండి. ఆ కుండ ఇట్లా తెండి" అని అరిచాను.

కన్నెమ్మ అక్క కుండకి అడ్డం నిలబడింది. "నీళ్ళా? ఏమయ్యా, సదువుకున్నోడివి, కారానికి నీళ్ళు పోస్తారా యాడైనా? మంట ఇంకా రేగుతాది. కన్ను పాడైపోతాది."

"అక్కా, ఇది ఆ కారం కాదు. వేరే కారం."

"ఏ కారమైతే ఏమన్నా?" అన్నాడు చెంగల్రాయుడు. "గుంటూరుదైనా మన ఊరిదైనా మంట మంటే గదా."

ఎవరి మీదా కోపగించుకోవడానికి లేదు. వాళ్ళు చెప్పింది మిరపపొడికి నూటికి నూరుపాళ్ళు సరైన వైద్యం. ఆ ప్రేమలో ఏ లోటూ లేదు, సరుకే వేరు. నేను మునిరత్నం చేతులు లాగబోతే వాడు కూడా నన్ను తోసేశాడు. "వేండాన్నా, నీళ్ళొద్దు, మంట." వాడు కన్ను ఎంత గట్టిగా మూసుకుంటే లోపల ఆ సరుకు అంత నింపాదిగా తన పని చేసుకుంటుంది. క్షారం అంటే ఏమిటో, కాస్టిక్ నూనెనూ చర్మాన్నీ ఎట్లా కరిగిస్తుందో నాకు బాగా తెలుసు. అది చెప్పడానికి కాలేజీలో గంటసేపు పాఠం కావాలి. నా దగ్గర గంట లేదు.

అప్పుడు అబద్ధం ఆడాను.

"అది కారం కాదు. ద్రావకం. కంట్లో ద్రావకం పడింది."

మా వైపు యాసిడ్‌ని ద్రావకం అంటారు. కంసాలి అంగట్లో బంగారం కడిగేది అదే. అరవం మాట్లాడేవాళ్ళకీ తెలుగు మాట్లాడేవాళ్ళకీ ఆ మాట తెలుసు, దానివల్ల కాలిన చేతులూ అందరికీ తెలుసు. తర్వాత నేను చెప్పాల్సిన పనేమీ లేకపోయింది. కన్నెమ్మ అక్కే కుండ ఎత్తింది. కావడి దించి ఒక స్వామి వాడి తల పట్టుకున్నాడు. వాడి చేతులు వాటంతటవే జారిపోయాయి. నేను వేళ్ళతో రెప్పలు విప్పి పట్టుకున్నాను, కన్నెమ్మ అక్క ముక్కు పక్క నుంచి చెవి వైపు సన్నటి ధారగా పోసింది. కుండ తర్వాత కుండ. పందిట్లో నీళ్ళు అయిపోతే భక్తులు బావి నుంచి అందించారు. జట్కా వచ్చేదాకా పోశాం. జట్కాలోనూ చెంగల్రాయుడు బిందె ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రిదాకా పోస్తూనే వచ్చాడు.

జట్కా కదిలే ముందు నాయుడు గారి మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఆయన కళ్ళద్దాలు తియ్యకుండానే, "ఏమయ్యా, నీళ్ళంతా ఇట్లా పారబోస్తా ఉండారు? సాములకు ఏమిస్తారు?" అన్నారు. ఆ అద్దాల్లో నా ముఖమే నాకు కనబడింది. నోరు విప్పితే ఉద్యోగం పోయే మాట వస్తుందని జట్కా ఎక్కేశాను.

విచారణ

హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు వచ్చి విచారణ జరిపారు. పిలిచిన సాక్షులందరూ ఒకటే చెప్పారు, పడింది ద్రావకమని. కన్నెమ్మ అక్క పసుపు కుంకుమల మీద ఒట్టు పెట్టి మరీ చెప్పింది. చెంగల్రాయుడికి ఆ వాసన కూడా వచ్చిందట. నాయుడు గారికి ఇది చాలా అనుకూలంగా కుదిరింది. కాస్టిక్ అయితే గాజు బిరడా సంగతి వస్తుంది, ద్రావకమయితే రాదు.

ఆఫీసరు నావైపు తిరిగారు. "మీరు బి.ఎస్సీ. కదండీ. యాసిడ్‌కీ కాస్టిక్‌కీ తేడా తెలియదా?"

"తెలుసండీ. కాస్టిక్కే. యాసిడ్ అని అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నిజం చెప్తే ఎవరూ నీళ్ళు పొయ్యలేదండీ."

ఆయన అది రాసుకున్నారు. శాస్త్రం తెలిసిన మనిషి పదిమందిలో ఒక రసాయనం పేరు తప్పుగా చెప్పడం మంచి పద్ధతి కాదని నన్ను మందలించారు. సీసా మీది పేరు గురించి అడిగితే, అరవంలో అది ఒప్పేనని నాయుడు గారు నిఘంటువు తెచ్చి చూపించారు. నిజంగా ఒప్పే. తప్పు పేరు రాయించినాయన ఒప్పయ్యారు, తప్పు చెప్పి నీళ్ళు పోయించినవాణ్ణి నేను తప్పయ్యాను. విచారణలు ఇట్లాగే ముగుస్తాయి. దీనికోసం ఉద్యోగం మానెయ్యకండి, ఎక్కడికి వెళ్ళినా ఇట్లాగే ఉంటుంది.

ఒక లాభం మాత్రం జరిగింది. రబ్బరు బిరడాలు వచ్చాయి. కొత్త సీసా మీద ఏం రాయాలని పెయింటరు అడిగితే, ఈసారి నేనే చెప్పాను. పేరు చిన్నగా రాయమన్నాను. దాని కింద పెద్దగా, రెండు భాషల్లోనూ: కంట్లో పడితే కన్ను పోతుంది, నీళ్ళు పోస్తూనే ఉండు. సీసా ఏమిటో తెలియనివాడికి కూడా అది ఏం చేస్తుందో తెలియాలి, మనం ఏం చెయ్యాలో తెలియాలి. పేరు తర్వాతి సంగతి. అరవైలో తిరుత్తణి మళ్ళీ మద్రాసులో కలిసినప్పుడు డిపోలో పేర్లన్నీ ఇంకోసారి మార్చారు. ఆ వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పని బల్ల పక్కన ఎప్పుడూ నిండు కుండ ఉండాలి, అది తాగడానికి కాదు. కంట్లో ఏది పడినా విరుగుడు వెతకొద్దు. నిమ్మరసం, నూనె, వెన్న, ఇంకో మందు, ఏదీ వద్దు. నీళ్ళు పొయ్యండి. మీరు అలసిపోతే ఇంకొకరికి ఇవ్వండి, డాక్టరు ఆపమనేదాకా ఆపొద్దు.

కట్టు విప్పిన రోజు

మునిరత్నాన్ని తిరుత్తణి నుంచి మద్రాసు కంటి ఆసుపత్రికి పంపారు. చాలా రోజులు రెండు కళ్ళకీ కట్టు కట్టే ఉంచారు. వాడి తల్లి మంచం పక్కనే కూర్చుని అన్నం కలిపి ముద్దలు పెట్టేది. భార్య విసనకర్రతో విసురుతుండేది. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. ధైర్యం చెప్పాలనుకునేవాణ్ణి, చెప్పలేక రైళ్ళ సంగతులు మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

కట్టు విప్పేటప్పుడు నేనూ ఉన్నాను. నల్లగుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ మిగిలింది. డాక్టరు గారు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగారు. వాడు సరిగ్గా చెప్పాడు. మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. దాచుకోవడానికేముంది.

అందరూ వెళ్ళాక మంచం మీద కూర్చున్నాను. ఆ రోజు పందిట్లో అబద్ధం చెప్పినందుకు వాడికైనా సంజాయిషీ ఇవ్వాలనిపించింది.

"నీ కంట్లో పడింది ద్రావకం కాదురా. మన కారమే" అన్నాను.

"తెలుసన్నా. సీసా ఎత్తినోణ్ణి నేనే గదా."

"తెలిసీ మరి నీళ్ళు వద్దని నన్నెందుకు తోసినావు?"

వాడు తలుపు వైపు చూశాడు. వరండాలో వాళ్ళమ్మ గిన్నెలు కడుగుతోంది. ఆమె వైపే చూస్తూ చెప్పాడు.

"కారం పడినాదని నా నోటితోనే అనేసినాను. అన్నాక నాకూ అది కారమే అయిపోయినాది. చిన్నప్పుడు కంట్లో కారం పడితే మాయమ్మ నీళ్ళు తాకనిచ్చేది కాదు. నువ్వు ద్రావకం అన్నాకనే పేణం జల్లుమనె, చేతులు తీసేసినాను."

"ఇంటర్మీడియట్ చదివినావు. నాతో ఇన్నాళ్ళు పని చేసినావు. అదంతా యాడికి పోయిందిరా?"

"అంత మంటలో అమ్మ చెప్పిందే గుర్తొస్తాదన్నా. కాలేజీ గుర్తు రాదు."